కంచె ఎన్నాళ్ళు?

మా వీధిలో మొక్కలు నాటిన రోజున పెళ్ళికి చేసినంత హడావుడి చేశారు. షామియానా వేశారు, మైకు పెట్టారు, పెద్దమనుషులొచ్చి మొక్క మొక్కకీ తలో చెంబెడు నీళ్ళు పోసి, ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. మా గుమ్మానికి ఎదురుగా ఒక వేపమొక్క పడింది. అప్పటికి మా అమ్మాయి నాలుగో క్లాసు. ఆ మొక్క తనదేనని ప్రకటించేసి, బడి నుంచి రాగానే దాని రెమ్మలు లెక్కపెట్టుకునేది. మొదటి రోజు ఏడు, రెండో రోజు ఏడు, మూడో రోజు ఎనిమిది. నాలుగో రోజు పొద్దున్న లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు. మేకలు మేసిపోయాయి. జానెడు పుల్ల మాత్రం బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది.

పిల్ల ఏడుపు లంకించుకుంది. నేను మేకలు తోలుకొచ్చినవాడి మీద విరుచుకుపడ్డాను. మా అత్తగారు మాత్రం అరుగు మీద నుంచి కదలకుండా, "మేకనేం అంటావమ్మాయ్, దానికి ఆకలి. మొక్క నాటడం ఒక పూట పని. దాన్ని కాయడం మూడేళ్ళ పని. ఆ రెండో పనికి ఎవరూ ఫొటో తియ్యరు" అన్నారు. అని ఊరుకోకుండా తుమ్మకంప తెప్పించి ఆ పుల్ల చుట్టూ దడి కట్టించారు. పుల్ల చిగిర్చింది. మరుసటేడు ఎవరో పుణ్యాత్ములు వీధి మొత్తానికి ఇనుప ట్రీగార్డులు పెట్టించారు. మా వేపమొక్క ఆ ఇనుప పంజరంలో బుద్ధిగా పెరగడం మొదలుపెట్టింది.

అప్పట్నించీ నాకొక పాడలవాటు పట్టుకుంది. చెట్లు నాటించిన రాజుల సంగతి ఎక్కడ కనిపించినా, వాటిని మేకల నోట పడకుండా ఎవరు కాశారా అని వెతుకుతాను. అశోకుడు బాటలకిరువైపులా చెట్లు నాటించాడని చిన్నప్పుడు మనమంతా బట్టీపట్టిందే కదా! నాటించాడు సరే, కంప వేయించాడా? ఆ మాట మా మేష్టారు చెప్పలేదు, నేనూ అడగలేదు. అలా వెతుకుతూ వెతుకుతూ చివరికి ఇంగ్లండులోని ఒక అడవి దగ్గర ఆగిపోయాను. మన మేకను "హేయ్" అని అదిలించవచ్చు. అదిలించడమే నేరమైన జంతువు వచ్చి మొక్కను మేస్తే ఏం చెయ్యాలి? ఆ అడవిలో జరిగింది అదే. ఆ జంతువు దుప్పి. దాని యజమాని సాక్షాత్తూ రాజుగారు.

ఇంగ్లండుకి దక్షిణపు అంచున సముద్రానికి దగ్గరగా ఉంది ఆ అడవి. పేరు న్యూ ఫారెస్ట్, అంటే కొత్త అడవి. కొత్తదన్న మాట తొమ్మిది వందల ఏళ్ళ నాటిది లెండి! నార్మండీ నుంచి దండెత్తి వచ్చి ఇంగ్లండుని జయించిన విలియం రాజు, సుమారు 1079లో, తాను వేటాడుకోవడానికని ఆ ప్రాంతాన్నంతా ప్రత్యేకించుకున్నాడు. అడవి అనగానే మనకి కీకారణ్యం గుర్తొస్తుంది. వాళ్ళ భాషలో అప్పుడు ఫారెస్ట్ అంటే చెట్లున్న చోటు అని కాదు, రాజుగారి వేట చట్టం నడిచే చోటు అని అర్థం. అందులో పల్లెలుండేవి, పొలాలుండేవి, బీళ్ళుండేవి. వాటిలో బతికే జనం ఉండేవారు. దుప్పులు మాత్రం రాజుగారివి. దుప్పి తినే ఆకూ అలమూ కూడా రాజుగారివే.

ఆ రాజుకి దుప్పుల మీదున్న మమకారాన్ని ఆ రోజుల్లో చరిత్ర రాసిన సన్యాసులే ఎత్తిపొడిచారు. దుప్పిని చంపినవాడికి కళ్ళు పొడిపించేవాడట! పెద్ద కుక్కని పెంచుకుంటే అది దుప్పి వెంట పరుగెత్తకుండా దాని ముందు కాలి గోళ్ళు మూడు నరికేసేవారు. చిన్న కుక్కలకి మాఫీ. ఏది చిన్నది, ఏది పెద్దది? దానికీ కొలత ఉంది. గుర్రపు రికాబులోంచి దూరగలిగితే చిన్నకుక్క, దూరలేకపోతే పెద్దకుక్క. అలాంటి పాతకాలపు ఇనుప రికాబు ఒకటి లిండ్‌హర్స్ట్ అనే ఊళ్ళో, అడవి పెద్దల సభ జరిగే హాల్లో ఈనాటికీ ఉంది.

వీటన్నిటికంటే నా మనసులో నాటుకుపోయింది కంచె గురించిన నియమం. రైతు తన చేను చుట్టూ కంచె వేసుకోవచ్చు గానీ ఎత్తుగా వేసుకోకూడదు. తల్లిదుప్పి తన పిల్లతో సహా దాటగలిగేంత ఎత్తులోనే ఉండాలి! చూశారా, తల్లీపిల్లల మీద ఎంత దయో! ఆ దుప్పిపిల్ల మేసేసిన చేను మీద ఆధారపడిన ఇంకో తల్లీ, ఇంకో పిల్లా ఉన్నారని చట్టానికి తోచలేదు. వేసవి నడిమధ్య దుప్పులు ఈనే కాలం ఒక నెల రోజులు, వాటికి చికాకు కలగకుండా ఊళ్ళో పశువుల్ని అడవిలోంచి తోలెయ్యాలి. చలికాలం మేత తక్కువ కాబట్టి అప్పుడూ తోలెయ్యాలి. మిగిలిన రోజుల్లో మేపుకోండి బాబూ, మాకేం అభ్యంతరం అన్నారు.

దైవం ఊరుకుంటుందా అని మన పెద్దవాళ్ళు అంటారు. ఆ కాలపు జనం కూడా అలాగే అనుకున్నారు. విలియం రాజు కొడుకు, తండ్రి తర్వాత గద్దెనెక్కిన రెండో విలియం, 1100 ఆగస్టులో అదే అడవిలో వేటాడుతుండగా బాణం తగిలి చచ్చిపోయాడు. దుప్పికి వేసిన బాణమే గురితప్పి తగిలిందని కొందరు, గురి తప్పకుండానే తగిలిందని కొందరు ఈనాటికీ వాదులాడుకుంటున్నారు. 1217లో, పదేళ్ళ పసివాడు మూడో హెన్రీ రాజుగా ఉండగా, అతని పేరు మీద అడవి హక్కుల పత్రం ఒకటి వెలువడింది. ఇకనుంచి దుప్పిని చంపినందుకు ఎవరి ప్రాణమూ తియ్యకూడదు, అవయవాలు నరకకూడదు అని అందులో రాశారు. నూటపాతికేళ్ళ పైచిలుకు నరకయాతనకి ఒక్క వాక్యంతో తెరపడింది.

సరే, మనుషుల సంగతి కాస్త కుదుటపడింది. మొక్కల సంగతేమిటి?

దుప్పికీ మేకకీ నోటి విషయంలో పెద్ద తేడా లేదు. రెంటికీ పైదవడకి ముందు పళ్ళుండవు. కొరకడం కాదు, కింది పళ్ళతో పట్టి లాగి చింపుతాయి. అందుకే దుప్పి మేసిన కొమ్మ చివర పీచుపీచుగా ఉంటుంది. అదే కుందేలు కొరికితే కత్తితో కోసినట్టు నున్నగా ఉంటుంది. తోటమాలి ఆ తెగిన చోటు చూసి దొంగ ఎవరో చెప్పేస్తాడు. దుప్పికి మొక్క మొవ్వంటే ప్రాణం. మొవ్వు పోయిన మొక్క పైకి లేవదు. పక్కకొమ్మలు వేసి, మళ్ళీ మేయించుకుని, మళ్ళీ వేసి, యాభై ఏళ్ళయినా మోకాలెత్తు గుబురుగానే ఉండిపోతుంది. ఇది చాలనట్టు మగదుప్పులు ఏటా కొత్త కొమ్ముల మీది మెత్తని తోలు వదిలించుకోవడానికి లేత చెట్ల బోదెలకేసి రుద్దుతాయి. బెరడు చుట్టూతా ఊడిపోతే ఆ చెట్టు పని అయిపోయినట్టే.

కాబట్టి అడవిలో ముసలి చెట్లు గంభీరంగా నిలబడి ఉంటాయి, వాటి కింద పిల్లమొక్క ఒక్కటీ కనపడదు. చూసేవాళ్ళకి అడవి నిండుగానే ఉంటుంది. పిల్లల్లేని ఊరు లాంటిదన్నమాట. పెద్దవాళ్ళున్నంత కాలం సందడిగానే ఉంటుంది, లోటు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ఆ లోటు రాజులకి మెల్లిగా తెలిసొచ్చింది. 1480ల నాటికే, చెట్లు నరికిన చోట చిగుళ్ళు లేచేదాకా ఏడేళ్ళు కంచె వేసుకోవచ్చని చట్టం చేశారు. 1543లో ఎనిమిదో హెన్రీ ఇంకో చట్టం తెచ్చాడు. అడవి కొట్టినప్పుడు ఎకరానికి పన్నెండు లేతచెట్లయినా మిగల్చాలి, కొట్టిన చోట కంచె వేసి కాపాడాలి. జనం కూడా తమకు తెలిసిన ఉపాయాలు పన్నేవారు. చెట్టుని మొదలంటా నరక్కుండా, మనిషికి అందనంత ఎత్తులో తల మాత్రం నరికేవారు. ఆ మోడు మీంచి లేచిన చిగుళ్ళు దుప్పికి అందవు. కంచె కట్టే డబ్బులేని వాళ్ళు చెట్టునే నిచ్చెన ఎక్కించారన్నమాట!

అసలు తొందర ఓడల వల్ల వచ్చింది. ఇంగ్లండు చుట్టూ సముద్రం, బతుకంతా ఓడల మీద. యుద్ధపు ఓడకి ఓక్ అనే చెట్టు కలపే కావాలి. అది మన టేకులాంటి గట్టి చెట్టు, ఓడకి పనికొచ్చేంత కావాలంటే నూరేళ్ళ పైమాటే. న్యూ ఫారెస్ట్‌లోనే బక్లర్స్ హార్డ్ అనే చోట ఓడలు కట్టేవారు. అక్కడ 1781లో నీళ్ళలోకి దింపిన అగమెమ్నన్ అనే ఒక్క ఓడకి సుమారు రెండు వేల ఓక్ చెట్లు పట్టాయని చెబుతారు. మరి నాటే మొక్కని రాజుగారి దుప్పే మేస్తుంటే, రాజుగారి ఓడ ఎలా తయారవుతుంది? అత్తింటి పరువా, పుట్టింటి ప్రేమా అన్నట్టుగా పడ్డారు పాపం, దుప్పికీ చెట్టుకీ మధ్య.

అందుకని 1698లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. న్యూ ఫారెస్ట్‌లో వెంటనే 2,000 ఎకరాలకి కంచె వేసి ఓక్ విత్తనాలు నాటాలి. ఆపైన ఇరవై ఏళ్ళపాటు ఏటా 200 ఎకరాలు. కంచె అంటే మన దడి లాంటిది కాదు. కందకం తవ్వి, ఆ మట్టితో గట్టు పోసి, గట్టు మీద గుంజలు దగ్గర దగ్గరగా పాతేవారు. ఆ గట్లు ఇప్పటికీ అడవిలో కనపడతాయి. చట్టంలో ఇంకో ముచ్చటైన మాట ఉంది. మొక్కలు పెరిగి, పశువుల వల్లా దుప్పుల వల్లా ఇక ప్రమాదం లేదు అన్నప్పుడు ఆ కంచె తీసేసి, ఆ నేలని మళ్ళీ అందరికీ వదిలెయ్యాలి. కంచె ఎన్నాళ్ళుండాలో కూడా రాసిన చట్టం ఇదేనేమో అని నేను సంతోషించబోయాను. సంతోషించేలోపల తర్వాతి వాక్యం కనపడింది. అలా ఎన్ని ఎకరాలు వదిలితే అన్ని ఎకరాలు ఇంకోచోట కొత్తగా కంచె వేసుకోవచ్చు!

ఇందులో తిరకాసు ఏమిటో ఇల్లు నడిపే ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. అప్పు తీర్చిన మర్నాడే మళ్ళీ అంతే అప్పు చేసుకోవచ్చంటే ఆ అప్పు ఎప్పటికైనా తీరుతుందా? కంచె ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ దొర్లుకుంటూ అడవంతా తిరిగి వస్తుంది. తీసేసిన చోట చెట్లు దట్టంగా పెరిగి గడ్డి మొలవదు. వేసిన చోటేమో కాలు పెట్టనివ్వరు. ఆ అడవిలో పల్లెవాళ్ళకి తాతముత్తాతల నాటి నుంచి హక్కులుండేవి. ఆవుల్నీ గుర్రాల్నీ మేపుకోవడం, పొయ్యిలోకి పుల్లలూ మట్టిగడ్డలూ తెచ్చుకోవడం, ఆకు రాలే కాలంలో ఓక్ కాయలు ఏరుకు తినడానికి పందుల్ని వదలడం. ఒక ఆవూ, రెండు పందులూ ఉంటే ఆ ఇల్లాలు సంసారం ఈదేది. కంచె దొర్లి దొర్లి తమ గుమ్మం ముందుకొస్తే ఆ ఆవు ఎక్కడ మేస్తుంది?

మొదట్లో భయపడినంత జరగలేదు. డబ్బులేక కొంత, అశ్రద్ధ వల్ల కొంత, చట్టంలో రాసినన్ని ఎకరాలకి కంచె పడనేలేదు. పైగా 1703లో వచ్చిన మహా తుఫానులో న్యూ ఫారెస్ట్‌లో నాలుగు వేల ఓక్ చెట్లు కూలిపోయాయి. నూరేళ్ళ తర్వాత నెపోలియన్ యుద్ధాలు వచ్చి ఓడలు మళ్ళీ ముమ్మరంగా కావలసి వచ్చేసరికి చెట్లేవీ అని అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కాలింగ్‌వుడ్ అనే నౌకాసేనాని ఉండేవాడు. ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ పక్కన పోరాడినవాడు. ఆయన సెలవులో ఇంటికొచ్చినప్పుడల్లా జేబు నిండా ఓక్ కాయలు పోసుకుని షికారుకి బయల్దేరి, మంచి నేల కనపడ్డ చోటల్లా ఒకటి వదిలేవాడట. నూరేళ్ళ తర్వాత పుట్టబోయే ఓడల కోసం! ఆ ముసలాయన మీద నాకు చెప్పలేనంత ప్రేమ కలిగింది. ఆయన కాయల్లో ఎన్ని దుప్పుల నోట పడ్డాయో మాత్రం అడక్కండి.

1808లో పాత చట్టాన్ని దులిపి మళ్ళీ అమలులో పెట్టారు. కందకాలు, గట్లు, కంచెలు. దుప్పులు బైట ఉండిపోయాయి. సరిగ్గా అప్పుడే, 1813, 14 ప్రాంతాల్లో, కంచెలోపల గడ్డి ఏపుగా పెరిగిన చోట ఎలుకలు పుట్టలుపుట్టలుగా పెరిగి లేత ఓక్ మొక్కల వేళ్ళూ బెరడూ కొరికి పారేశాయి. గోతులు తవ్వి, అందులో పడ్డవాటిని వేలకొద్దీ పట్టారు. పెద్దదొంగకి తలుపు వేస్తే చిన్నదొంగ తూములోంచి వచ్చినట్టయింది.

చివరికి 1851 వచ్చింది. కంచెలు కట్టీ కట్టీ, దుప్పుల్ని కాసే ఉద్యోగులకి జీతాలిచ్చీ ఇచ్చీ ప్రభుత్వం విసిగిపోయింది. దుప్పుల తొలగింపు చట్టం అని ఒకటి చేసింది. రెండేళ్ళలో న్యూ ఫారెస్ట్‌లో దుప్పి అన్నది లేకుండా చెయ్యాలి. ఏ దుప్పి కోసం మనుషుల కళ్ళు పొడిపించారో ఆ దుప్పినే, వాళ్ళ వారసులే, తుపాకులు పెట్టి వేటాడించారు. పోనీ, రైతుల పీడ విరగడైంది కదా అనుకుంటే, ఊరికే చేస్తారా? రాజుగారు దుప్పుల్ని వదులుకున్నందుకు నష్టపరిహారంగా ఇంకో 10,000 ఎకరాలకి కంచె వేసుకునే హక్కు పుచ్చుకున్నారు! దుప్పి పోయింది, కంచె పెరిగింది. దుప్పి నుంచి కాపాడ్డానికి కదా కంచె అని అడిగేవాళ్ళు లేకపోయారు. మంచి మేత దొరికే నేలలు చూసి మరీ కంచెలు వేశారు. పాత చెట్లని కొట్టి వరసలు వరసలుగా కొత్తవి నాటడం మొదలుపెట్టారు.

దీనికో కొసమెరుపుంది. 1860లో ఇంగ్లండు వాళ్ళే వారియర్ అనే ఇనుప యుద్ధనౌకని నీళ్ళలోకి దింపారు. ఇక ఓక్ కలప ఓడల కాలం చెల్లిపోయింది. ఏ ఓడల కోసం నాటారో ఆ ఓడలు లేకుండా పోయాయి. 1808 తర్వాత నాటిన ఓక్ చెట్లు అప్పటికి పడుచువయసులో ఉన్నాయి. వాటిలో కొన్ని ఈనాటికీ అక్కడే, ఏ ఓడా ఎక్కకుండా, నీడనిస్తూ నిలబడి ఉన్నాయి.

అడిగేవాడు ఎట్టకేలకు ఒకడు వచ్చాడు. ఆయన పేరు హెన్రీ ఫాసెట్. పార్లమెంటు సభ్యుడు, కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రం చెప్పేవాడు, రెండు కళ్ళూ లేనివాడు. ఇరవై అయిదేళ్ళ వయసులో తండ్రితో వేటకి వెళ్ళి, తండ్రి తుపాకీలోంచి చెదిరిన రవ్వలు తగిలి చూపు పోగొట్టుకున్నాడు. పోగొట్టుకున్న చూపు గురించి కూర్చుని ఏడవలేదు. గుర్రపు స్వారీ మానలేదు, మంచు మీద జారే ఆట మానలేదు. మనం ఆయన్ని తలుచుకోవడానికి వేరే కారణం కూడా ఉంది. 1867లో టర్కీ సుల్తాను లండన్ వస్తే ఆయనకిచ్చిన విందు నాట్యాల ఖర్చు భారతదేశపు ఖజానా మీద వేశారు. ఇది ఏం న్యాయం అని సభలో నిలదీసిన మనిషి ఆయనే. ఇండియా తరఫు సభ్యుడని ఆయనకి పేరొచ్చింది. ఆయన ఎన్నికలో ఓడిపోతే మనదేశంలో చందాలు పోగుచేసి మళ్ళీ పోటీకి డబ్బు పంపారు.

1871లో ఆయన న్యూ ఫారెస్ట్ తరఫున లేచి నిలబడ్డాడు. కొత్త చట్టం వచ్చేదాకా పాతచెట్లు నరకడానికి వీల్లేదు, కొత్త కంచెలు వెయ్యడానికి వీల్లేదు అని తీర్మానం నెగ్గించాడు. తర్వాత చిత్రకారులు ఆ అడవి బొమ్మలు వేసి 1875లో లండన్లో ప్రదర్శన పెట్టారు. 1877లో చట్టం వచ్చింది. అప్పటికి కంచె పడినంత వరకే, ఇకముందు కంచె దొర్లడానికి వీల్లేదు. తక్కిన అడవి పశువులకీ, పల్లెలకీ, ముసలి చెట్లకీ మిగిలింది. దుప్పి పేరున కళ్ళు పొడిపించిన రాజు అడవిని, ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత ఒక చూపులేని మనిషి కాపాడాడు. నవల్లో రాస్తే మరీ కుదిర్చినట్టుందని నా పాఠకులే నన్ను దెప్పేవారు.

ఆయన భార్య మిల్లిసెంట్. ఆయనకి కాగితాలు చదివి పెడుతూ, ఆయన చెప్పినవి రాసిపెడుతూ రాజకీయం నేర్చుకుంది. స్త్రీలకి ఓటుహక్కు కోసం దశాబ్దాల తరబడి పోరాడింది. లండన్లో పార్లమెంటు ముందున్న మైదానంలో మగవాళ్ళ విగ్రహాల మధ్య 2018లో మొట్టమొదటిసారి ఒక స్త్రీ విగ్రహం లేచింది. అది ఆవిడదే. ఆవిడ కూడా చెప్పొచ్చేదేమిటంటే, రక్షణ పేరుతో వేసిన కంచె ఇక చాలు, తియ్యండి అనేగా!

ఇంట్లో ఇంత నేర్చుకున్న ఇంగ్లీషువాళ్ళు బైట ఏం చేశారో తెలుసా? మన అండమాన్ దీవుల్లో దుప్పులు ఉండేవి కావు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేట సరదా కోసం మన చుక్కల దుప్పుల్ని తీసుకెళ్ళి అక్కడ వదిలారు. అక్కడ పులి లేదు, చిరుత లేదు. అవి ఈదుకుంటూ దీవి నుంచి దీవికి పాకిపోయాయి. అప్పటి పోర్ట్‌బ్లెయిర్, ఇప్పటి శ్రీవిజయపురంలో మన తెలుగు కుటుంబాలు బోలెడున్నాయి. సెలవుల్లో చుట్టాలొస్తే పడవెక్కించి, అప్పటి రాస్ దీవి, ఇప్పటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవికి తీసుకెళ్ళి దుప్పుల్ని చూపిస్తారు. పిల్లలు ముచ్చటపడతారు. ఆ ముచ్చటైన మూతుల వల్ల అక్కడి అడవుల్లో పిల్లమొక్కలు పైకి లేవడం కష్టంగా ఉందని శాస్త్రజ్ఞులు వాపోతున్నారు. పులి ఉన్న అడవికి పులే కంచె. పులి లేని చోట ఆ పని మనిషి చెయ్యాలి.

ఇంగ్లండులో ఆ పని ఇప్పటికీ చేస్తున్నారు. 1851లో చంపగా మిగిలిన దుప్పులు మళ్ళీ పెరిగాయి. న్యూ ఫారెస్ట్‌లో ఇవాళ అయిదు జాతులున్నాయి. 1979లో గ్రాహం ట్యూలీ అనే అటవీశాఖ ఉద్యోగి ఒక ఉపాయం కనిపెట్టాడు. అడవికంతా ఎందుకు, ఒక్కొక్క మొక్కకీ ప్లాస్టిక్ గొట్టం తొడిగితే సరి అన్నాడు. చిన్నజాతి దుప్పికి 1.2 మీటర్ల గొట్టం, మధ్యరకానికి 1.5, పెద్దదానికి 1.8. దుప్పి మెడ ఎంతో, గొట్టం అంత. లోపల వెచ్చగా ఉండి మొక్క కూడా త్వరగా పెరుగుతుంది. బ్రహ్మాండంగా పనిచేసింది. పనిచేసి, ఆ తర్వాత? మొక్క చెట్టయింది, గొట్టం అలాగే ఉండిపోయింది. పగిలి ముక్కలై అడవి నిండా ప్లాస్టిక్. ఇప్పుడు నేలలో కలిసిపోయే గొట్టాల కోసం తంటాలు పడుతున్నారు. తొడగడం అందరికీ గుర్తుంటుంది, తియ్యడం ఎవరికీ గుర్తుండదు.

ఇదంతా చదివాక నాకు చట్టాలకంటే ఆ అడవి వాళ్ళ పాతమాట ఒకటి నచ్చింది. ఓక్ చెట్టుకి ముళ్ళపొద తల్లి అంటారట. ఏ పక్షో పడేసిన ఓక్ కాయ ముళ్ళపొదలో పడుతుంది. దుప్పి మూతి అక్కడికి రాదు. మొక్క ముళ్ళ మధ్య పదిలంగా పెరుగుతుంది. పెరిగి పెరిగి పొదని దాటి పైకి లేచి కొమ్మలు చాస్తుంది. అప్పుడా నీడలో ఎండ చాలక ముళ్ళపొద మెల్లిగా ఎండిపోతుంది. చట్టం అక్కర్లేదు, తీర్మానం అక్కర్లేదు. తన పని అయిందని ఆ కంచెకి తెలుసు. రాజుగారి కంచెకి తెలియనిది అదొక్కటే.

మా వేపచెట్టు సంగతి చెప్పడం మరిచాను. అది ఇప్పుడు మేడ దాటింది. మా అమ్మాయి చదువు పూర్తయి, పొరుగు రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. ఒక్కర్తినీ అంతదూరం ఎలా పంపడం, ఇక్కడే ఏదో ఒకటి చూసుకోకూడదా అని నేను నెలరోజులుగా సణుగుతున్నాను. అదేమో మాట్లాడకుండా వీధిలోకి చూస్తూ కూర్చుంటోంది. మొన్న సాయంత్రం మా అత్తగారు నన్ను పిలిచి, "ఆ చెట్టుని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా అమ్మాయ్?" అన్నారు.

వెళ్ళి చూశాను. అన్నేళ్ళ కిందట పెట్టిన ఇనుప ట్రీగార్డు అలాగే ఉంది. బోదె లావెక్కి, ఇనుప పట్టీ బెరడులోకి దిగిపోయింది. చుట్టూ కండ ఉబ్బి, ఇనుముని మింగలేక కక్కలేక ఉంది. రోజూ దాని పక్కనుంచే కూరలకి వెళ్ళి వస్తున్నాను, ఒక్కనాడూ కనపడలేదు!

మర్నాడు వెల్డింగు కుర్రాణ్ణి పిలిపించి పట్టీలు కోయించాను. ఒకటి మాత్రం లోపలికి దిగిపోయి రాలేదు. లాగితే బెరడు ఊడుతుందని అలాగే వదిలేశాడు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ప్రయాణం ఎప్పుడే?" అని అడిగాను.